నలుగురు వాడే సర్వర్‌కి ఏ ఓఎస్ వెయ్యాలన్నా?

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. మా హైస్కూల్ పాత విద్యార్థులం కలిసి ఊరి గ్రంథాలయానికి ఒక సర్వర్ పెడుతున్నాం. ఒకాయన ఆఫీసులో తీసేసిన డెస్క్‌టాప్ ఇచ్చారు, మూడో తరం ఐ5, 16 జీబీ ర్యామ్. దాని మీద పుస్తకాల కేటలాగ్‌కి కోహా, సంఘం ఫొటోలకీ లెక్కలకీ నెక్స్ట్‌క్లౌడ్ పెట్టాలని, లైనక్స్ నేర్చుకుంటామన్న 40 మంది కాలేజీ పిల్లలకి లాగిన్లు కూడా ఇవ్వాలని అనుకున్నాం. ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) అన్న దగ్గర ఆగిపోయాం. నేను ల్యాప్‌టాప్‌లో ఆర్చ్ అనే లైనక్స్ వాడతాను, అదే వేద్దామన్నాను. డాలస్‌లో ఉన్న మా బావ, డబ్బులు పంపేది ఆయనే, రాకీ లైనక్స్ తప్ప వద్దంటాడు. హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్ లైనక్సే వద్దు, యూనిక్స్ కుటుంబంలోని ఫ్రీబీఎస్‌డీ అంటాడు. ఊళ్లో కంప్యూటర్ సెంటర్ ఆయన విండోస్ సర్వర్ అయితే నేను చూసుకుంటా అంటున్నాడు. గ్రంథాలయం చూసుకునే రిటైర్డ్ లెక్కల మాస్టారేమో ‘ఏదో ఒకటి తేల్చండ్రా’ అంటున్నారు. రెండు నెలలైంది. నువ్వే చెప్పన్నా.

జవాబు:

తమ్ముడూ, మీ అందరిలో మాస్టారి మాటే నాకు నచ్చింది. తేల్చేస్తున్నా: డెబియన్ వెయ్యి. డెబియన్ అనే లైనక్స్‌లో 13, స్టేబుల్, అంటే బాగా పరీక్షించాక విడుదల చేసేది. ఇక్కడే చదవడం ఆపేసి ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) దించుకోవడం మొదలుపెట్టినా నేనేమీ అనుకోను. కానీ రేపు వీడియో కాల్‌లో మీ బావ ‘ఎందుకు?’ అని అడిగితే ‘అన్న చెప్పాడు’ అంటే సరిపోదు కదా, అందుకని మిగతాది రాస్తున్నా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎవరికి ఏది ఇష్టమో అంతా ఉంది. ఇంకో రెండేళ్ల తర్వాత ఆ పెట్టె దగ్గర ఎవరు కూర్చుంటారన్నది మాత్రం ఎక్కడా లేదు. నీకు బెంగళూరులోనో పుణెలోనో ఉద్యోగం వస్తుంది, రావాలి కూడా. బావ డాలస్ నుంచి కదలడు. ఫ్రెండ్‌కి హైదరాబాద్‌లో తన పని తనకుంటుంది. ఒక రాత్రి కరెంటు పోయి, వచ్చి, సర్వర్ లేవకపోతే పొద్దున్నే గ్రంథాలయం తలుపు తీసేవాళ్లకి ఎవరు దొరుకుతారు? ఓఎస్ ఎంచుకోవడం అంటే నా దృష్టిలో ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడమే.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు, ఆ తప్పు నేనే చేశాను. చాలా ఏళ్ల కిందట పదిహేను మంది వాడే ఒక మెషిన్‌కి నాకిష్టమని ఆర్చ్ వేశాను. నేనున్నంత కాలం వారం వారం అప్‌డేట్ చేసేవాణ్ణి, బ్రహ్మాండంగా నడిచేది, లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది. తర్వాత ఊరు మారాను. దాదాపు ఏడాది పాటు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం. చివరికి ఒక పిల్లాడు ధైర్యం చేసి అప్‌డేట్ కొడితే సంతకాలు సరిపోవడం లేదని వరసగా ఎర్ర గీతలు. ఆర్చ్‌లో ప్యాకేజీలు (ప్రోగ్రాముల కట్టలు) అసలువేనా అని వాటి మీద డిజిటల్ సంతకాలు సరిచూసే కీరింగ్ పాతబడితే, ముందు దాన్ని ఒక్కదాన్నే కొత్తది చేసుకుని ఆ తర్వాత మిగతావి చెయ్యాలి. నీకు తెలుసు, నాకు తెలుసు, పాపం ఆ పిల్లాడికి ఎలా తెలుస్తుంది? నాకు ఫోన్ వచ్చింది. నేనప్పుడు ఒక పెళ్లిలో బంతిలో కూర్చుని ఉన్నాను, ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని గంటసేపు కమాండ్లు చెప్పాను, అవతల అప్పడాలు చల్లారిపోయాయి.

ఆర్చ్ చెడ్డదని కాదు, దానికి రోజూ పలకరించే మనిషి కావాలి. కొత్తొక వింత, పాతొక రోత అంటారు కానీ సర్వర్ విషయంలో నాకు రోతే ముద్దు. ఎక్స్‌జెడ్ గొడవ గుర్తుందా? 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేంటా అని తవ్వుకుంటూ పోతే, అందరి సిస్టమ్‌లలో ఉండే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొడ్డిదారి దొరికింది. అది పెట్టినవాడు ఏళ్ల తరబడి ఆ ప్రాజెక్టులో బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించుకున్నవాడే. ఆ పాడైన వెర్షన్లు డెబియన్ అన్‌స్టేబుల్‌లోకి, టెస్టింగ్‌లోకి, ఫెడోరా రాహైడ్‌లోకి, అలా కొత్త సరుకు ముందుగా తీసుకునే వాటన్నిటిలోకీ వెళ్లాయి. డెబియన్ స్టేబుల్‌లోకి మాత్రం రాలేదు. ఫ్రాయిండ్ పట్టుకున్నది కూడా అన్‌స్టేబుల్ మెషిన్ మీదే. ఆర్చ్‌లో ఆ ప్యాకేజీ వచ్చినా ఎస్ఎస్‌హెచ్ దానికి ముడిపడి లేదు కాబట్టి బతికిపోయింది, అది వేరే సంగతి. కొత్త సరుకు రుచి చూసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లు చూశాకే మనం తిందాం. 40 మంది పిల్లలున్న ఇంట్లో అదే పద్ధతి.

ఇప్పుడు బావ సంగతి. రాకీ మంచి ఓఎస్, ఆయన ఆఫీసులో రెడ్‌హ్యాట్ కంపెనీ లైనక్స్ కుటుంబమే ఉండి ఉంటుంది, అలవాటైన చెయ్యి అటే పోతుంది. కానీ ఆ రాకీ అసలు ఎందుకు పుట్టిందో ఆయన్నే అడుగు. రెడ్‌హ్యాట్ సోర్స్ కోడ్ తీసుకుని ఉచితంగా తయారయ్యే సెంట్‌ఓఎస్‌ని ప్రపంచమంతా వాడేది. సెంట్‌ఓఎస్ 8కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని నమ్మి వేసుకున్నవాళ్లకి, 2020 డిసెంబరు 8న, ఇంకో ఏడాదిలో, అంటే 2021 చివరికల్లా ఆపేస్తున్నామని రెడ్‌హ్యాట్ ప్రకటించింది. ఏడేళ్లకి పైగా కోత. దాంతో సెంట్‌ఓఎస్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన గ్రెగరీ కర్ట్‌జర్ రాకీ మొదలుపెట్టాడు, క్లౌడ్‌లైనక్స్ వాళ్లు ఆల్మాలైనక్స్ తెచ్చారు. 2023 జూన్‌లో రెడ్‌హ్యాట్ సోర్స్ ఇచ్చే పద్ధతి కూడా మార్చేసింది, వీళ్లు మళ్లీ వేరే దారులు వెతుక్కోవలసి వచ్చింది. ఇవాళ రాకీ, ఆల్మా రెండూ బాగానే నడుస్తున్నాయి, కాదనను. కానీ ఊరి గ్రంథాలయం ఎక్కడో ఒక కంపెనీ మీటింగులో తీసుకునే నిర్ణయానికి వేలాడటం నాకు ఇష్టం లేదు. డెబియన్ 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టింది, ఇప్పటికీ వాలంటీర్లదే, కొనడానికి అక్కడ కంపెనీ ఏదీ లేదు. దూరపు వ్యవహారం అనుకోకు, వాళ్ల వార్షిక సమావేశం డెబ్‌కాన్ఫ్ 2023 సెప్టెంబరులో కొచ్చిలోనే జరిగింది.

బావకి ఈ కథంతా చెప్పే ఓపిక లేకపోతే ఒక్క మాట చెప్పు చాలు, నీ పెట్టె మీద రాకీ 10 లేవదు. రెడ్‌హ్యాట్ 10 తరం ఏవీఎక్స్2 లాంటి ఇన్‌స్ట్రక్షన్లు తెలిసిన ప్రాసెసర్లు అడుగుతుంది, ఇంటెల్ డెస్క్‌టాప్ కోర్ ఐ5లలో అవి నాలుగో తరం నుంచి వచ్చాయి. నీది మూడోది. ఆల్మా వాళ్లు పాత ప్రాసెసర్ల కోసం విడిగా ఒకటి తయారుచేస్తున్నారు, రాకీ 9 అయితే ఎక్కుతుంది, 2032 దాకా అప్‌డేట్లు కూడా వస్తాయి. కానీ ఆ తర్వాత 9 నుంచి 10కి మారాలంటే రాకీ వాళ్లే కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోమంటారు. డెబియన్‌లో ఒక వెర్షన్ నుంచి పక్క వెర్షన్‌కి ఉన్నచోటే మారొచ్చు, మెట్టు మాత్రం దాటెయ్యకూడదు, 11 నుంచి నేరుగా 13కి గెంతితే కాళ్లు విరుగుతాయి. డెబియన్ 13 వచ్చింది 2025 ఆగస్టు 9న. మూడేళ్లు మామూలు అప్‌డేట్లు, ఆ తర్వాత ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) బృందం ఇంకో రెండేళ్లు, మొత్తం దాదాపు అయిదేళ్లు. పాత 64 బిట్ ప్రాసెసర్ల మీద దానికి ఏ పేచీ లేదు.

వీటన్నిటికంటే ముందు చూసుకోవలసింది కోహా. నిజానికి నువ్వు ఉత్తరం తిరగేసి రాశావు, ఓఎస్ తేలాక దాని మీద ఏం నడుపుతామో చూసుకుందాం అన్నట్టు. నడపాల్సింది ఏమిటో ముందు చూసి, దాన్ని తయారుచేసినవాళ్లు దేని మీద పరీక్షిస్తారో కనుక్కుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. కోహా న్యూజిలాండ్‌లో హొరొవెనువా లైబ్రరీ ట్రస్టు కోసం పుట్టింది, 2000 జనవరి నుంచి వాడకంలో ఉంది, మావోరీ భాషలో కోహా అంటే కానుక. వాళ్లు సొంతంగా ప్యాకేజీలు ఇచ్చేది డెబియన్‌కి, దాని నుంచే పుట్టిన ఉబుంటుకి. వాళ్ల రిపాజిటరీ (ప్యాకేజీల గోదాము) కలుపుకుని ఏపీటీ కమాండ్‌తో దించుకుంటే, కోహాకి కావలసిన పెర్ల్ భాష మాడ్యూళ్లతో సహా వచ్చి కూర్చుంటుంది. రాకీ మీదో ఆర్చ్ మీదో వెయ్యాలంటే పెర్ల్ మాడ్యూళ్లు ఒక్కొక్కటే ఏరుకోవాలి, ఏరావే అనుకో, ఆ తర్వాత వచ్చేవాడు కూడా ఏరాలి. విండోస్ మీద అయితే నేరుగా నడవదు.

కోహా గురించి ఇంకోటి, ఓఎస్‌కి సంబంధం లేదు కానీ నువ్వు అడగకపోయినా చెప్పాలి. వెతకడానికి అది జీబ్రా అనే ఇంజిన్ వాడుతుంది, మొదట్లో ఉండే అమరిక ఇంగ్లిష్ అక్షరాలకి సరిపడేది. తెలుగు పేర్లతో పుస్తకాలు దొరకాలంటే అన్ని భాషల అక్షరాలూ తెలిసిన ఐసీయూ అనే అమరికకి మార్చి ఇండెక్స్ మళ్లీ కట్టాలి. మాస్టారు వెయ్యి పుస్తకాలు ఎక్కించాక ‘ఏదీ, వెతికితే రావడం లేదే’ అనే దాకా ఆగకు, మొదటి పది పుస్తకాలప్పుడే చూసుకో.

మీ హైదరాబాద్ ఫ్రెండ్‌ని తీసిపారెయ్యొద్దు. 2000లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 4.0లోనే జైల్స్, అంటే ప్రోగ్రాముల్ని విడివిడి గదుల్లో పెట్టే ఏర్పాటు, ఉన్నాయి, లైనక్స్‌లో కంటైనర్లన్న మాట వినపడకముందే. పైగా జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ అందులో ఇంటి మనిషి. పదిమందికి లాగిన్లు ఇచ్చే ఉమ్మడి మెషిన్ల చరిత్ర చూసినా బీఎస్‌డీల వాటా పెద్దదే. 1987లో ఆపిల్ 2ఈ మీద బులెటిన్ బోర్డుగా మొదలైన ఎస్‌డీఎఫ్ అనే ఉచిత యూనిక్స్ సంఘం ఇవాళ్టికీ నెట్‌బీఎస్‌డీ మీదే నడుస్తోంది. ఆ ఫ్రెండ్ ఊళ్లో ఉండి ఉంటే, కోహా లేకపోయి ఉంటే, నేను సరే అనేవాణ్ణేమో. ఇప్పుడైతే ఊళ్లో ఎవరికీ రాని భాషలో ఇంటి కాగితాలు రాయించినట్టు ఉంటుంది.

విండోస్ సర్వర్ మాట ఎక్కువ లాగను. మెషిన్‌కి లైసెన్స్ కొంటే సరిపోదు, వాడే ఒక్కో మనిషికో ఒక్కో కంప్యూటర్‌కో విడిగా యాక్సెస్ లైసెన్స్ కావాలి, 40 మంది పిల్లలంటే ఆ లెక్క నువ్వే వేసుకో. పైగా వాళ్లు నేర్చుకుంటామన్నది లైనక్స్.

అయితే చూడు, ఆ కంప్యూటర్ సెంటర్ ఆయన మాట కొట్టేశాను కానీ ఆయన్ని కాదు. మీ అందరిలో ఊళ్లో ఉండేది, చెయ్యి తిరిగినది ఆయన ఒక్కడే. ‘నేను చూసుకుంటా’ అన్నది కూడా ఆయన ఒక్కడే, మీరంతా ఏది వెయ్యాలో చెప్పారు, చూసుకుంటానని ఒక్కరూ అనలేదు! ఆయనకి డెబియన్ నేర్పించు. నాలుగు ఆదివారాలు చాలు. నేర్పించేటప్పుడు కీబోర్డు నువ్వు ముట్టుకోవద్దు, ఇన్‌స్టాల్ ఆయన చేత చేయించి నువ్వు చేతులు కట్టుకుని వెనక నిలబడు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ మీ ఎంపికలో లోపం ఉందని లెక్క, ఒక నోట్‌బుక్ పెట్టి అది తెలుగులో రాసెయ్యి. ఒకవేళ ఆయన డెబియన్ దగ్గర బెదిరిపోయి ఉబుంటు అయితే యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటానంటే, ఉబుంటు ఎల్‌టీఎస్ వేసెయ్యండి, నేను కాదనను. అయిదేళ్లు అప్‌డేట్లు వస్తాయి, భద్రతా అప్‌డేట్లు వాటంతటవే పడే ఏర్పాటు మొదట్నుంచే ఆన్‌లో ఉంటుంది, కోహాకీ పనికొస్తుంది. ఉబుంటు సొంత పద్ధతి స్నాప్ ప్యాకేజీలంటే నాకు పడదు, అందుకే రెండో స్థానం, అది నా గోల.

ఇక 40 లాగిన్ల సంగతి. నాకు నిజంగా టెన్షన్ ఉన్నది ఇక్కడే, ఓఎస్ పేరుకంటే ఎక్కువ. ఒక్కడే వాడే సర్వర్‌కీ నలుగురు వాడేదానికీ ఒక పెద్ద తేడా ఉంది, చాలామంది పట్టించుకోరు. లోపల లాగిన్ ఉన్న మామూలు వాడు రూట్ (సర్వాధికారి) అయిపోయే లోపాలు ఏటా ఏవో ఒకటి బయటపడుతూనే ఉంటాయి. 2021 జనవరిలో, రూట్ హక్కుతో కమాండ్లు నడిపే సుడోలో ఒకటి, 2022 జనవరిలో ప్వన్‌కిట్, అదే ఏడాది మార్చిలో ఓఎస్‌కి గుండె లాంటి కెర్నెల్‌లో డర్టీ పైప్. ప్వన్‌కిట్ లోపం 2009 నుంచి ఎవరికీ కనపడకుండా పీకేఎగ్జెక్ అనే ప్రోగ్రాంలో కూర్చుని ఉంది. నీ ఒక్కడి ల్యాప్‌టాప్‌లో ఇలాంటిది వస్తే వారం తర్వాత చూసుకుందాంలే అనుకోవచ్చు. 40 మంది కుర్రాళ్లకి లోపలికి తలుపు తీశాక, వాళ్లలో ఒక్కడు రాత్రి ఒంటిగంటకి ఆ కోడ్ దించుకుని ‘చూద్దాం, పనిచేస్తుందా’ అనుకుంటే చాలు. చెడ్డవాడు కానక్కర్లేదు, ఆ వయసు చాలు. అందుకని భద్రతా అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా పడాలి, డెబియన్‌లో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ప్యాకేజీ వేసి పనిచేస్తోందో లేదో కళ్లతో చూడు. కెర్నెల్ అప్‌డేట్ పడ్డాక రీబూట్ చేస్తే తప్ప కొత్తది అమల్లోకి రాదు. గ్రంథాలయానికి సెలవు రోజు ఒకటి ఉంటుందిగా, ఆ రోజు తెల్లవారుజామున రీబూట్ అని పెట్టేసుకోండి.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తున్నా: పిల్లల లాగిన్లు, కోహా ఒకే ఓఎస్ కింద పెట్టొద్దు. కోహాలో ఊళ్లోవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో అంతా ఉంటుంది. పక్కింటి అమ్మాయి ఏం చదువుతోందో ఎవడో కుర్రాడికి తెలియాల్సిన పని లేదు. కింద డెబియన్, దాని మీద లైనక్స్‌లోనే ఉండే కేవీఎంతో రెండు వర్చువల్ మెషిన్లు (కంప్యూటర్ లోపల కంప్యూటర్లు), అవీ డెబియనే. ఒకదాంట్లో కోహా, నెక్స్ట్‌క్లౌడ్, ఇంకోటి పిల్లల ఆటస్థలం. 16 జీబీలో సర్దుకోవచ్చు, గ్రంథాలయం వైపు 8, పిల్లల వైపు 4, మిగతాది కింద ఉన్న ఓఎస్‌కి. కంటైనర్లు తేలికే, కానీ వాటికి కెర్నెల్ ఒక్కటే, డర్టీ పైప్ లాంటిది వస్తే మధ్యలో ఉన్న గోడ గుడ్డ తెర అయిపోతుంది. పిల్లల మెషిన్ పాడైతే తుడిచేసి గంటలో మళ్లీ నిలబెట్టొచ్చు, గ్రంథాలయానికి దుమ్ము కూడా తగలదు.

పిల్లల మెషిన్‌లో చిన్నచిన్నవి మొదటిరోజే చేసెయ్యి. ఒక్కొక్కరికి డిస్క్ కోటా పెట్టు, లేకపోతే నెల తిరక్కముందే ఎవడో సినిమాలు నింపుతాడు. ఒక్కో యూజర్‌కి ఇంత మెమరీ, ఇన్ని ప్రాసెస్‌లు అని, మెషిన్‌లో సేవలన్నీ నడిపే సిస్టమ్‌డీలో హద్దు పెట్టు. మొదటి వారంలోనే ఎవడో ఒకడు ఫోర్క్ బాంబ్ (తనకి తనే నకళ్లు పెంచుకుంటూ మెషిన్‌ని ముంచే ప్రోగ్రాం) పేలుస్తాడు, నా రోజుల్లో నేనే పేల్చాను కాబట్టి తెలుసు. ఒకళ్ల హోమ్ డైరెక్టరీ ఇంకొకళ్లకి తెరుచుకోకుండా ఉందో లేదో రెండు అకౌంట్లతో లాగిన్ అయి చూడు. పిల్లలు పాస్‌వర్డ్‌ని కమాండ్‌తో పాటే టైప్ చేసేస్తుంటారు, పక్కవాడు ఆ క్షణంలో పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా చూపే కమాండ్) కొడితే అది కనపడుతుంది, దానికి హైడ్‌పిడ్ అని ఒక అమరిక ఉంది. కంటైనర్లు నడిపే డాకర్ కావాలని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. డాకర్ గ్రూపులో చేర్చడమంటే రూట్ చేతిలో పెట్టడమే, కావాలంటే రూట్ లేకుండా నడిచే పాడ్‌మ్యాన్ వేసి ఇవ్వు.

రూట్ పాస్‌వర్డ్ ఒకటి పెట్టి నలుగురూ పంచుకోవద్దు. ఎవరి అకౌంట్ వాళ్లదే, ఎవరి ఎస్ఎస్‌హెచ్ కీ వాళ్లదే, సుడో హక్కు ఇద్దరికి: నీకు, కంప్యూటర్ సెంటర్ ఆయనకి. బావకి ఇవ్వకు, డబ్బు పంపేవాడికి సుడో ఇస్తే తెల్లారేసరికి ఏదో ఒకటి మారిపోయి ఉంటుంది, అడగడానికి నీకు మొహమాటం. మూడో దారిగా రికవరీ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవర్ అంటించి, మాస్టారి బీరువాలో పెట్టించు. ఆయన విప్పరు, విప్పాల్సి వస్తే ముందు నీకు ఫోన్ చేస్తారు.

బ్యాకప్ గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. రెస్టిక్ కానీ బోర్గ్ కానీ, రెండూ డెబియన్‌లోనే ఉన్నాయి, రోజూ రాత్రి కోహా డేటాబేస్ ఇంకో చోటికి వెళ్లాలి, ఆ ఇంకో చోటు అదే గదిలో ఉండకూడదు. వెళ్లినదాన్ని నెలకోసారి వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. ఇంటర్నెట్ కంపెనీ మీకు పబ్లిక్ ఐపీ ఇస్తోందో లేదో కూడా కనుక్కో, ఇళ్లకి ఇచ్చే చాలా కనెక్షన్లలో ఇవ్వరు, అప్పుడు బయటి నుంచి లోపలికి దారి వేరే వెతకాలి. అది ఇంకో ఉత్తరం.

ఆ ఆఫీసు డెస్క్‌టాప్‌లో డిస్కులు ఒకటా రెండా అన్నది రాయలేదు నువ్వు. ఒక్కటే అయితే, ఆఫీసులో ఏళ్లపాటు అరిగిన డిస్క్ అయితే, దాని మీద ఏ ఓఎస్ వేసినా నాకు నిద్రపట్టదు. రెండు కొత్త ఎస్ఎస్‌డీలు, అద్దంలా ఒకదానికొకటి నకలుగా ఉండేట్టు ఎండీరెయిడ్, ఒక యూపీఎస్. బావకి ఈ మూడు వస్తువుల లిస్టు పంపు. రాకీ వద్దన్నామన్న వార్త దాని తర్వాత నెమ్మదిగా చెప్పు.